సొంత కారులో బ్రిటన్ నుంచి యూరప్‌కి: వీసా స్లాట్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

స్కూలు సెలవుల తేదీలు తెలియగానే తెలిసినవాళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "స్విట్జర్లాండ్‌కి కారులో వెళ్దామనుకుంటున్నాం, ఎలా వెళ్ళాలి?" అని అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే ఇంగ్లిష్ ఛానల్ (బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఉన్న సముద్రం) దాటే టికెట్ కొనేసి ఉంటారు. వీసాకి మాత్రం ఇంకా అప్లై చేసి ఉండరు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ ప్రయాణంలో డ్రైవింగ్ సులువు, రోడ్లు బాగుంటాయి. టెన్షన్ అంతా ఏ పని ముందు, ఏ పని తరవాత అన్నది తెలియకపోవడం వల్ల వస్తుంది. అందుకే ఇక్కడ పనులను చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

ఉదాహరణకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. బ్రిటన్‌లో వర్క్ వీసా మీద ఉంటున్నారు, భారత పాస్‌పోర్టులు, ఇద్దరు పిల్లలు, బ్రిటన్‌లో రిజిస్టరైన సొంత కారు. వేసవిలో 9 రోజుల ప్రయాణం, ప్రధానంగా స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్.

## 1. మొదట రాత్రులు లెక్కపెట్టండి

హోటళ్ళు వెతకడానికి ముందే ఒక కాగితం మీద ఏ రాత్రి ఏ దేశంలో గడుపుతారో రాసుకోండి. దూరాలు సుమారుగా ఇలా ఉంటాయి:

- 1వ రోజు: ఇల్లు – ఫోక్‌స్టోన్ (ఇంగ్లండ్ తీరం) – కలే (ఫ్రాన్స్ తీరం) – రాన్స్ (కలే నుంచి 270 కి.మీ.)
- 2వ రోజు: రాన్స్ – స్ట్రాస్‌బర్గ్ (350 కి.మీ.)
- 3వ రోజు: స్ట్రాస్‌బర్గ్ – బాసెల్ – ఇంటర్‌లాకెన్ (300 కి.మీ.)
- 4, 5, 6 రోజులు: ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల
- 7వ రోజు: ఇంటర్‌లాకెన్ – లక్సెంబర్గ్ (500 కి.మీ.కి పైనే. అన్నిటికన్నా పొడుగు రోజు ఇదే)
- 8వ రోజు: లక్సెంబర్గ్ – బ్రూజ్ (310 కి.మీ.)
- 9వ రోజు: బ్రూజ్ – కలే (120 కి.మీ.) – ఇల్లు

ఫ్రాన్స్ 2 రాత్రులు, స్విట్జర్లాండ్ 4, లక్సెంబర్గ్ 1, బెల్జియం 1. ఈ లెక్క మీదే వీసా ఏ దేశానికి అప్లై చేయాలన్నది తేలుతుంది.

ఒక రోజులో ఎంత దూరం పెట్టుకోవాలి? పిల్లలుంటే 350 కి.మీ. చాలు. మ్యాప్ నాలుగు గంటలని చూపిస్తే, టీకి, టాయిలెట్‌కి, పెట్రోలుకి ఆగడం కలిపి ఆరు గంటలు వేసుకోండి. మొదటి రోజు మరీ తక్కువ దూరం పెట్టుకోవాలి. ఆ రోజు తెల్లవారుజామునే లేస్తారు, క్యూలలో నిలబడతారు, రోడ్డుకి కుడివైపు నడపడం కొత్త. పైగా అవతల గడియారం ఒక గంట ముందుంటుంది. కలేలో దిగి ఒకే ఊపున స్విట్జర్లాండ్ చేరాలనుకునేవాళ్ళు నాకు బాగా తెలుసు. నేనూ ఒకసారి అలాగే చేశాను. మర్నాడంతా హోటల్లో పడుకునే ఉన్నాం.

## 2. వీసా: అన్ని తేదీలూ దీని చుట్టూనే తిరగాలి

బ్రిటన్‌లో ఉండటానికి ఏ వీసా ఉన్నా, చివరికి శాశ్వత నివాసం ఉన్నా, భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి సాధారణంగా షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారికి అవసరం లేదు. ఓసీఐ కార్డుకి ఇక్కడ ఏ విలువా లేదు.

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే అప్లై చేయాలి. రెండు దేశాల్లో సమానంగా గడిపితే ముందు అడుగుపెట్టే దేశానికి. మన ఉదాహరణలో అది స్విట్జర్లాండ్. యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా అది షెంగెన్‌లో ఉంది.

- ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి.
- నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు. అవసరమైతే 45 రోజుల దాకా పట్టవచ్చు.
- ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు పిల్లలకు లేదు. దరఖాస్తులు తీసుకునే వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ ఛార్జీ దీనికి అదనం.
- పాస్‌పోర్టు గత పదేళ్ళలో జారీ అయి ఉండాలి. షెంగెన్ నుంచి బయటకు వచ్చే తేదీ తరవాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి.
- ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో వైద్యానికి కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి.

కారులో వెళ్తున్నాం కాబట్టి విమాన టికెట్లు ఉండవు. వాటి బదులు ఛానల్ దాటే బుకింగ్, కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) కాపీ, డ్రైవింగ్ లైసెన్స్ కాపీ, కారు ఇన్సూరెన్స్, ఏ రోజు ఎక్కడ ఉంటామో చెప్పే ఒక పేజీ రూట్ ప్లాన్ పెట్టండి. ఆ ప్లాన్‌లోని రాత్రులకూ హోటల్ బుకింగ్‌లకూ ఒక్క తేదీ కూడా తేడా రాకూడదు.

తరచుగా జరిగే తప్పులు

*అపాయింట్‌మెంట్ దొరకకముందే డబ్బు వాపసు రాని బుకింగ్‌లు చేయడం.* వేసవి స్లాట్లు ముందే అయిపోతాయి. ముందు స్లాట్ పట్టుకుని, ఆ తరవాత రద్దు చేసుకునే వీలున్న హోటళ్ళు, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

*ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ అప్లై చేద్దామనుకోవడం.* విజిట్ వీసా మీద వచ్చినవారి దరఖాస్తులను బ్రిటన్‌లో సాధారణంగా తీసుకోరు. వాళ్ళు హైదరాబాద్‌లోనో, తమకు దగ్గరలో ఉన్న కేంద్రంలోనో షెంగెన్ వీసా వేయించుకునే విమానం ఎక్కాలి.

*బ్రిటన్ ఈ-వీసాని (అక్కడ ఉండే హక్కును చూపే ఆన్‌లైన్ రికార్డు) మరచిపోవడం.* కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవారు ఆ నంబరును తమ యూకేవీఐ (బ్రిటన్ వీసా శాఖ) ఖాతాలో చేర్చారో లేదో చూసుకోవాలి. వెళ్ళేటప్పుడు ఎవరూ అడగకపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దులో తెలుస్తుంది దాని విలువ.

పిల్లలతో తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం, పిల్లల బర్త్ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. మన ఇళ్ళల్లో తల్లి ఇంటిపేరు ఒకటి, పిల్లలది ఒకటి ఉండటం మామూలే. ఆ సంగతి సరిహద్దు అధికారికి తెలియదు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు తెలుసుకోవాల్సింది ఇటియాస్ అనే ఆన్‌లైన్ అనుమతి గురించి. దాని రుసుము 20 యూరోలుగా ప్రకటించారు. మీరు వెళ్ళేనాటికి అమల్లోకి వచ్చిందో లేదో యూరోపియన్ యూనియన్ అధికారిక సైట్‌లోనే చూడండి. ఆ పేరుతో డబ్బు వసూలు చేసే సైట్లు చాలా ఉన్నాయి.

## 3. రైలా, ఫెర్రీయా?

ఫోక్‌స్టోన్ నుంచి కలేకి లెషటిల్ రైలులో 35 నిమిషాలు. కారు రైల్లోకి ఎక్కిస్తారు, మీరు కారులోనే కూర్చుంటారు. డోవర్–కలే ఫెర్రీ గంటన్నర, డోవర్–డన్‌కర్క్ రెండు గంటలు. లండన్ చుట్టుపక్కల నుంచి బయలుదేరేవాళ్ళకి ఇవే దగ్గర దారులు.

ఉత్తరాన ఉన్నవాళ్ళు హల్–రాటర్‌డామ్, న్యూకాజిల్–ఆమ్‌స్టర్‌డామ్ రాత్రి ఫెర్రీలను చూడండి. క్యాబిన్‌కి డబ్బు అవుతుంది. కానీ ఒక హోటల్ రాత్రి, కెంట్ దాకా నడిపే నాలుగైదు గంటలు మిగులుతాయి. తూర్పున హారిచ్ నుంచి హుక్ ఆఫ్ హాలండ్‌కి కూడా ఉంది.

నా ఓటు వెళ్ళేటప్పుడు రైలుకి, వచ్చేటప్పుడు ఫెర్రీకి. వెళ్ళేటప్పుడు సమయం కావాలి. వచ్చేటప్పుడు ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఓడలో గంటన్నర కాళ్ళు చాపుకుని వేడి కాఫీ తాగితే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే రెండు వైపులా వేరువేరు టికెట్లు కొంటే ఖర్చు పెరగవచ్చు, లెక్క చూసుకోండి.

బుక్ చేసేటప్పుడు కారు ఎత్తు అడుగుతారు. రూఫ్ బాక్స్ పెడుతుంటే దానితో కలిపి టేపుతో కొలిచి చెప్పండి. ఎల్‌పీజీతో నడిచే కార్లను టన్నెల్ రైలులోకి అనుమతించరు.

## 4. కారు కాగితాలు

ప్రయాణానికి ఆరు వారాల ముందు మొదలుపెట్టండి.

- లాగ్‌బుక్ (వీ5సీ): ఒరిజినల్ తీసుకెళ్ళాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. అడ్రస్ మారి ఉంటే ముందే మార్పించండి.
- ఫైనాన్స్ లేదా లీజు కారు: కంపెనీ నుంచి లిఖితపూర్వక అనుమతి కావాలి. లీజు కారుకైతే లాగ్‌బుక్ మీ దగ్గర ఉండదు కాబట్టి వీఈ103 అనే సర్టిఫికెట్ తీసుకోవాలి. చాలామంది మరచిపోయేది ఇదే. మా కారు పీసీపీలో (ఒక రకం కారు ఫైనాన్స్) ఉన్నప్పుడు ఆ అనుమతి ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టింది. అది అందిన నాలుగో రోజునే మా ప్రయాణం.
- ఇన్సూరెన్స్: బ్రిటన్ పాలసీలు యూరప్‌లో కనీసం థర్డ్ పార్టీ కవర్ ఇస్తాయి. కాంప్రహెన్సివ్ కవర్ అక్కడా అలాగే ఉంటుందా, ఎన్ని రోజులు, స్విట్జర్లాండ్ కలుస్తుందా, ఇద్దరు డ్రైవర్లకూ వర్తిస్తుందా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఈ దేశాలకి గ్రీన్ కార్డు (విదేశాల్లో చూపించే కారు ఇన్సూరెన్స్ రుజువు) అవసరం లేదు.
- బ్రేక్‌డౌన్ కవర్: బ్రిటన్‌లో ఉన్నది చాలదు, యూరప్ కవర్ విడిగా తీసుకోవాలి. కారు బాగు కాకపోతే మనుషుల్నీ కారునీ ఇంటికి చేరుస్తారా లేదా అన్నది చూసి కొనండి.
- లైసెన్స్: బ్రిటన్ ఫోటోకార్డు లైసెన్స్ ఉంటే ఈ దేశాలకి ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కర్లేదు. ఇండియా లైసెన్స్‌తో బ్రిటన్‌లో మొదటి 12 నెలలు నడుపుతున్నవాళ్ళకి నా సలహా, బ్రిటన్ లైసెన్స్ వచ్చాకే ఈ ప్రయాణం పెట్టుకోండి. అంతవరకు ఆగలేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ లిఖితపూర్వకంగా సరేనంటేనే స్టీరింగ్ పట్టుకోండి.

వీటితో పాటు జీహెచ్‌ఐసీ కార్డు (యూరప్‌లో ప్రభుత్వ వైద్యానికి పనికొచ్చేది). ఉచితం, ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లో అప్లై చేయవచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌కి ఇది బదులు కాదు.

## 5. కారులో ఉండాల్సిన వస్తువులు

రెండు వారాల ముందు టైర్లు, బ్రేకులు, ఆయిల్, కూలెంట్, ఏసీ చూపించండి. నిండా సామాను ఎక్కించినప్పుడు టైరులో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. యూరప్ పంపులు బార్లలో చూపిస్తాయి: 33 పీఎస్ఐ అంటే సుమారు 2.3 బార్.

చెక్‌లిస్టు:

- యూకే స్టిక్కర్ (కారు ఏ దేశానిదో చూపేది). 2021 సెప్టెంబరు 28 నుంచి జీబీ చెల్లదు. నంబర్ ప్లేట్ మీదే యూకే అని ఉంటే ఈ రూట్‌లో స్టిక్కర్ అక్కర్లేదు. స్పెయిన్ వెళ్ళేవాళ్ళకి మాత్రం ప్లేటు ఎలా ఉన్నా స్టిక్కర్ ఉండాల్సిందే
- వార్నింగ్ ట్రయాంగిల్
- కారులో ఉన్న ప్రతి ఒక్కరికీ మెరిసే జాకెట్. డిక్కీలో కాదు, సీటు దగ్గర. దిగకముందే వేసుకోవాలి కదా
- హెడ్‌లైట్ స్టిక్కర్లు
- ఫస్ట్ ఎయిడ్ కిట్, టార్చ్, ఫోన్ ఛార్జర్
- పిల్లల సీట్లు. బ్రిటన్‌లో 135 సెం.మీ. దాటితే బూస్టర్ మానేస్తాం, స్విట్జర్లాండ్, జర్మనీలలో 12 ఏళ్ళ లోపు పిల్లలకు 150 సెం.మీ. దాకా కావాలి. కాబట్టి బూస్టర్ పట్టుకెళ్ళండి

హెడ్‌లైట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన కార్ల లైట్లు ఎడమ అంచు మీద ఎక్కువ వెలుగు పడేలా ఉంటాయి. అక్కడ అదే వెలుగు ఎదురుగా వచ్చేవారి కళ్ళలో కొడుతుంది. పాత కార్లకు స్టిక్కర్లు అంటించాలి. కొత్త ఎల్‌ఈడీ కార్లలో చాలావాటికి మెనూలోనే మార్చే వీలుంటుంది, మాన్యువల్ చూడండి. స్టిక్కర్లను ఇంటి దగ్గరే, లైటు తుడిచి, పొడిగా ఉన్నప్పుడు అంటించండి. ఫోక్‌స్టోన్ పార్కింగ్‌లో వానలో అంటించినవి రాన్స్ చేరకముందే ఊడిపోతాయి.

ఫ్రాన్స్‌లో బ్రెత్‌లైజర్ (మద్యం తాగారో లేదో ఊది చూసే పరికరం) ఉండాలన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. దుకాణాల్లో కిట్‌తో పాటు అంటగడతారు, అక్కర్లేదు.

## 6. టోల్, విగ్నెట్, నగర స్టిక్కర్లు

ఫ్రాన్స్. మోటార్‌వేలలో చాలావాటికి టోల్ ఉంది. లోపలికి వెళ్ళేచోట టికెట్ తీసుకోవాలి, బయటకు వచ్చేచోట కార్డుతో కట్టాలి. మెషిన్ ఎడమవైపు ఉంటుంది, మన స్టీరింగ్ కుడివైపు. కాబట్టి పక్క సీటులో కూర్చున్నవాళ్ళకే ఆ డ్యూటీ. మా ఇంట్లో ఆ పని చేసేవారికి "టోల్ మంత్రి" అని పేరు. ఒక్కరే వెళ్తుంటే మాత్రం టోల్ ట్యాగ్ ముందే తెప్పించుకోండి.

రూఫ్ బాక్స్ ఉంటే మెషిన్ ఒక్కోసారి పెద్ద బండి అనుకుని ఎక్కువ అడుగుతుంది. కట్టేముందు సహాయం బటన్ నొక్కి చెప్పండి, మారుస్తారు.

పారిస్–నార్మండీ మధ్య ఏ13, ఏ14 మోటార్‌వేల మీద గేట్లే లేవు. కెమెరా నంబర్ ప్లేట్ చదువుతుంది, 72 గంటల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు లేదు కాబట్టి టోలే లేదనుకుని వచ్చేసినవాళ్ళకి తరవాత జరిమానా ఉత్తరం వస్తుంది.

స్విట్జర్లాండ్. మోటార్‌వే ఎక్కాలంటే విగ్నెట్ (రోడ్డు రుసుము కట్టినట్టు చూపే స్టిక్కర్) ఉండాలి, 40 ఫ్రాంకులు. ఒక రోజుకైనా ఏడాదికైనా అదే ధర. ఎలక్ట్రానిక్ విగ్నెట్ నంబర్ ప్లేట్ మీద నమోదవుతుంది. స్విస్ కస్టమ్స్ అధికారిక పోర్టల్‌లోనే కొనండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ తీసుకుంటాయి. నంబర్ కొట్టేటప్పుడు సున్నాకీ ఓ అక్షరానికీ తేడా రెండుసార్లు చూడండి.

బెల్జియం, లక్సెంబర్గ్, జర్మనీ మోటార్‌వేలలో కార్లకు టోల్ లేదు. స్ట్రాస్‌బర్గ్ నుంచి బాసెల్ వైపు ఏ35 కూడా ఉచితమే.

నగరాల్లోకి ప్రవేశం. బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్, ఘెంట్ నగరాల్లోకి వెళ్ళాలంటే కాలుష్య నిబంధనల కోసం విదేశీ కారును ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. బ్రస్సెల్స్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్ళిపోతే అవసరం లేదు. చివరి రాత్రికి ఘెంట్ కాకుండా బ్రూజ్ పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. జర్మనీ నగరాల్లో చాలాచోట్ల ఆకుపచ్చ కాలుష్య స్టిక్కర్ కావాలి. ఫ్రాన్స్‌లో క్రిట్ ఎయిర్ (అక్కడి కాలుష్య స్టిక్కర్) నిబంధనలు మారుతూ ఉన్నాయి, వెళ్ళేముందు ప్రభుత్వ సైట్ చూసుకోండి.

ఈ తలనొప్పి తప్పించుకునే దారి ఒకటుంది. ఊరి బయట పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి ట్రామ్ ఎక్కడం. స్ట్రాస్‌బర్గ్‌లో పార్కింగ్ డబ్బులోనే ట్రామ్ టికెట్లు కలిసి ఉంటాయి.

## 7. తిండి మూట: ఏది తీసుకెళ్ళవచ్చు, ఏది వద్దు

మనవాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైన అధ్యాయం ఇది. బ్రెగ్జిట్ తరవాత బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. పసిపిల్లల పాలపొడి లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి.

ఇంట్లో వదిలేయండి: పాలు, పెరుగు, నెయ్యి, పనీర్, చికెన్ పచ్చడి, మటన్ కూర. పెరుగన్నం కూడా. తాజా కూరగాయలు, కరివేపాకు, కొత్తిమీర కూడా వద్దు, వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. అరటిపండ్లు, ఖర్జూరాలు, కొబ్బరికాయ, అనాసపండుకి మాత్రం ఆ పత్రం అక్కర్లేదు.

నిశ్చింతగా పెట్టుకోండి: బియ్యం, కందిపప్పు, రవ్వ, ఆవకాయ, గోంగూర పచ్చడి, నువ్వులపొడి, కారప్పొడి, చింతపండు పులిహోర, జంతికలు. పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టండి. నూనె సీటు మీద కారితే ఆ వాసన వచ్చే ఎంఓటీ (కారు వార్షిక తనిఖీ) దాకా వదలదు.

పెరుగు, పాలు, ఉల్లిపాయలు కలే దాటాక ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. స్విట్జర్లాండ్‌లో హోటల్ భోజనం ఖరీదు ఎక్కువ కాబట్టి నాలుగు రాత్రులకీ వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. చిన్న కుక్కర్ ఒకటి పట్టుకెళ్ళండి. అక్కడ చాలా ఇళ్ళలో ఎలక్ట్రిక్ పొయ్యిలే, కాబట్టి కుక్కర్ అడుగు చదునుగా ఉందో లేదో చూసుకోవాలి.

## 8. దాటే రోజు

1. ఉత్తరం నుంచి డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ (లండన్‌కి తూర్పున థేమ్స్ నదిని దాటేచోటు) మీదుగా వచ్చేవాళ్ళు ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్య దాటితే ఛార్జీ ఉంది. అక్కడ బూత్ ఉండదు. మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. సెలవు హడావిడిలో మరచిపోతారు, ఆ రాత్రే హోటల్ నుంచి కట్టేయండి.
2. కెంట్‌లో ఎం20 మీద పోర్టు రద్దీ ఉన్నప్పుడు లారీలను విడిగా వరసలో నిలిపే ఆపరేషన్ బ్రాక్ పెడతారు. ట్రాఫిక్ చూసి గంట ముందే బయలుదేరండి. రైలుకి జంక్షన్ 11ఏ దగ్గర దిగాలి.
3. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో, ముందు సీటులో ఉండాలి. డిక్కీలో సూట్‌కేస్ అడుగున పెట్టినవాళ్ళని ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను.
4. ఫ్రెంచ్ సరిహద్దు తనిఖీ ఇంగ్లండ్ వైపే జరుగుతుంది. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ (యూరప్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే) విధానంలో ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. 12 ఏళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. దీనికి అదనపు సమయం వేసుకోండి.
5. రైలు ఎక్కాక శాట్‌నావ్‌ని కిలోమీటర్లకు మార్చండి, మొదటి 20 కి.మీ. దారి ఇద్దరూ కలిసి చూసుకోండి.

## 9. కుడివైపు డ్రైవింగ్

మోటార్‌వే మీద అలవాటు పడటానికి పది నిమిషాలు చాలు. ప్రమాదం ఇతర చోట్ల ఉంటుంది. పెట్రోల్ బంకు నుంచి బయటకు వచ్చేటప్పుడు, తెల్లవారి ఖాళీ రోడ్డు మీద హోటల్ గేటు దాటేటప్పుడు, వన్‌వేలోంచి మామూలు రోడ్డులోకి తిరిగేటప్పుడు చెయ్యి దానంతటదే ఎడమకి పోతుంది. ఎదురుగా వేరే బండి ఉంటే గుర్తొస్తుంది, లేకపోతే రాదు. పక్క సీటులోవాళ్ళు ప్రతి మలుపులో "కుడివైపు" అని పైకి అనాలి. మొదటి రెండు రోజులు ఇది నామోషీగా అనుకోవద్దు. రౌండ్‌అబౌట్‌లో ఎడమవైపు చూసి, కుడివైపుకి తిరిగి ప్రవేశించాలి.

వేగ పరిమితులు, మన స్పీడోమీటర్ మైళ్ళలో:

- ఫ్రాన్స్ మోటార్‌వే: 130 కి.మీ. (81 మైళ్ళు). వాన పడితే 110 (68). లైసెన్స్ వచ్చి మూడేళ్ళు నిండనివాళ్ళకు ఎప్పుడూ 110
- ఫ్రాన్స్ పల్లె రోడ్లు: ఎక్కువ చోట్ల 80 (50)
- ఊళ్ళలో: 50 (31), చాలాచోట్ల 30
- స్విస్ మోటార్‌వే: 120 (75). అక్కడ పగలు కూడా లైట్లు వేసే ఉండాలి, జరిమానాలు చాలా ఎక్కువ

ఇంగ్లండ్‌లో లేని నియమం ఒకటుంది, ఫ్రాన్స్, బెల్జియంలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వడం. గుర్తులేమీ లేని కూడలిలో చిన్న సందులోంచి వచ్చే కారుకైనా మీరే ఆగాలి. పసుపు వజ్రం బోర్డు కనిపిస్తే ప్రాధాన్యం మీ రోడ్డుదే. అదే బోర్డు మీద నల్ల గీత ఉంటే అది ముగిసిందని.

కెమెరాల జాడ చెప్పే యాప్‌లు ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో వాడకూడదు. శాట్‌నావ్‌లో ఆ సెట్టింగ్ ఆపేయండి. ఫ్రాన్స్‌లో డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్ కూడా నిషేధం. పదేళ్ళ లోపు పిల్లల్ని ముందు సీటులో కూర్చోబెట్టకండి.

జర్మనీ, స్విట్జర్లాండ్ మోటార్‌వేల మీద ట్రాఫిక్ ఆగిపోతే, ఎడమ లేన్ వాళ్ళు బాగా ఎడమకి, మిగతావాళ్ళు కుడికి జరిగి మధ్యలో అంబులెన్స్‌కి దారి వదలాలి. సైరన్ వినబడేదాకా ఆగకూడదు, ఆగిపోగానే జరగాలి.

## 10. పెట్రోలు, పార్కింగ్, ఫోన్

మోటార్‌వే బంకులు ఖరీదు. ఊళ్ళలో సూపర్‌మార్కెట్ బంకులు చవక. లక్సెంబర్గ్ మీదుగా వస్తే అక్కడ ట్యాంక్ నింపుకోండి. ఫ్రాన్స్‌లో గాజోల్ అంటే డీజిల్. గ్యాస్ అనో గ్యాసోలిన్ అనో పొరబడకండి. పంపు మీద గుండ్రంలో ఇంగ్లిష్ అక్షరం 'E' ఉంటే పెట్రోలు, చదరంలో 'B' ఉంటే డీజిల్. పెట్రోలు కారుకి E5 లేదా E10 వాడండి, E85 వద్దు. మనుషుల్లేని పంపులు ముందుగా కార్డు మీద వంద యూరోలకు పైగా బ్లాక్ చేయవచ్చు. తరవాత వదిలేస్తాయి, కంగారు పడకండి.

మోటార్‌వే పక్కన ఆగినప్పుడు అందరూ ఒకేసారి కారు వదిలి వెళ్ళకండి. ఎవరైనా "మీ టైరు చూడండి" అని చెయ్యి ఊపితే, తలుపులు లాక్ చేసి, జనం ఉన్నచోటికి వెళ్ళి చూసుకోండి.

ఫోన్ విషయంలో నేను దెబ్బతిన్నాను. నా ప్లాన్‌లో యూరప్ రోమింగ్ ఉందనుకున్నాను. స్విట్జర్లాండ్ దానిలో లేదు. బాసెల్ దాటి మ్యాప్ చూసుకుంటూ వెళ్ళిన నాలుగు రోజుల బిల్లుతో మరో ఫెర్రీ టికెట్ వచ్చేది. ముందే అడగండి, మ్యాప్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి.

## 11. కారు ఆగిపోతే

1. హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత కుడికి జరపండి.
2. జాకెట్లు వేసుకుని కుడివైపు తలుపుల నుంచి దిగండి. అంటే డ్రైవర్ సులువుగానే దిగుతారు, ఎడమవైపు వాళ్ళు లోపలి నుంచి ఇటు రావాలి.
3. అందరూ రెయిలింగ్ అవతలికి వెళ్ళండి. మోటార్‌వే మీద ట్రయాంగిల్ పెట్టడానికి నడిచి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.
4. ఫ్రాన్స్ మోటార్‌వే మీద మీ బ్రేక్‌డౌన్ కంపెనీ బండి నేరుగా రాలేదు. నారింజ రంగు ఎస్ఓఎస్ ఫోన్ లేదా 112 ద్వారా అధీకృత టోయింగ్ వాళ్ళని పిలవాలి. వాళ్ళకి మీరే కట్టి, రసీదు తీసుకుని, మోటార్‌వే బయటికి వచ్చాక మీ కంపెనీకి ఫోన్ చేయండి.

యాక్సిడెంట్ అయితే అవతలివాళ్ళు ఒక ఫారం ఇస్తారు. అర్థం కానిదాని మీద సంతకం పెట్టకండి. మీ ఇన్సూరెన్స్ వాళ్ళని లైన్‌లో పెట్టుకుని ఫోటోలు తీయండి.

## 12. తిరుగు ప్రయాణం

కలే దగ్గర కూడా రెండు దేశాల తనిఖీలు ఉంటాయి, బ్రిటన్ అధికారులు ఫ్రాన్స్ వైపే చూస్తారు. ఈవీసా వివరాలు ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోండి.

జున్ను కొనాలని ఉంటే అక్కడే తినేసి రండి. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి పాల పదార్థాలు, పశువుల, గొర్రెల, మేకల, పంది మాంసం వ్యక్తిగత వాడకానికైనా బ్రిటన్‌లోకి తేవడం నిషేధించారు. చాక్లెట్‌కి ఇబ్బంది లేదు.

ఇంటికి చేరాక ఆ వారంలో చేయాల్సినవి:

- హెడ్‌లైట్ స్టిక్కర్లు పీకేయడం, మెనూ మళ్ళీ మార్చడం
- గేట్లు లేని టోల్ ఏదైనా దాటి ఉంటే 72 గంటల్లో కట్టడం, డార్ట్‌ఫర్డ్ మళ్ళీ దాటి ఉంటే మర్నాడు అర్ధరాత్రిలోగా
- టోల్, టోయింగ్ రసీదులు మూడు నెలలు దాచడం
- షెంగెన్‌లో గడిపిన రోజులు రాసుకోవడం. ఏ 180 రోజుల్లోనైనా 90 దాటకూడదు, వచ్చిన రోజూ వెళ్ళిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి

ఇంగ్లండ్‌లో రైలో ఫెర్రీయో దిగగానే మాత్రం పక్క సీటులోవాళ్ళు మళ్ళీ నోరు తెరవాలి, ఈసారి "ఎడమవైపు" అని.